ఏప్రిల్‌లో అందిన నీళ్ళు

మే నెల. పొద్దున్నే ఎండ ముదిరింది. కంభం రోడ్డు పక్కనున్న మా కాలనీ ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని నిలబడ్డారు. ట్యాంకర్ వచ్చింది కానీ ఆగలేదు. నరసమ్మ అడ్డం పోయింది. డ్రైవర్ బండిని పక్కకు తిప్పాడు. తప్పుకోబోయి ఆమె కంకరలో పడింది. తుంటి ఎముక విరిగింది. ట్యాంకర్ తిన్నగా, ప్రభుత్వం తరఫున మాకు నీళ్ళు తోలే కాంట్రాక్టర్ రంగనాయకులు కట్టిస్తున్న కల్యాణ మండపానికి పోయి, కొత్త స్లాబు తడిపింది. మేమందరం చూశాం.

ఆ డ్రైవర్ పరాయివాడు కాదు, పాల్ రాజు. మా దయామణి కొడుకు.

అదే పూట మార్కాపురంలో, రంగనాయకులు ఆఫీసులో, దయామణి కూతురు ప్రశాంతి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ట్యాంకర్ ట్రిప్పులన్నీ ఎక్సెల్‌లో ఎక్కించేది ఆమే. ఒక్కో ట్రిప్పుకు ఒక వరస: తేదీ, ఊరు, లీటర్లు, చివర 'అందింది' లేదా 'రాలేదు'. ఏ నెలలో ఎన్ని లీటర్లు అందాయో, ఎన్ని రాలేదో సమీక్షలో చూపించమని మండలాఫీసు అడిగింది. ప్రశాంతి సమ్‌ఇఫ్స్ ఫార్ములా రాసింది. అడిగిన నెల, అడిగిన మాట రెండూ ఉన్న వరసల లీటర్లను మాత్రమే అది కూడుతుంది.

"'రాలేదు' కింద ఈ అంకె ఏంది?" అన్నాడు రంగనాయకులు.

"రాని ట్రిప్పులు సార్."

"అన్నీ 'అందింది' అని మార్చు. అక్కడ సున్నా కనపడాల. మీ అన్న స్టీరింగూ, నీ కుర్చీ, రెండూ నా చేతిలోనే ఉండాయి."

ప్రశాంతి మార్చింది. ఫార్ములా సున్నా చూపించింది. ఆఫీసు తలుపు తెరిచే ఉంది. లేచి ఎక్కడికి పోవాలో ఆమెకు తోచలేదు.

సున్నా వేసిన సంగతి కాలనీకి పాకింది. సాయంత్రం చర్చి వసారాలో అందరం కూడాం. "నీ కొడుకే తోలినాడు, నీ కూతురే రాసింది" అని దయామణిని నిలదీశాం. ఆమె తల వంచుకుంది.

పాల్ రాజు లేచాడు. "ఆపితే రేపు నా సీట్లో ఇంకోడు కూర్చుంటాడు. ఆపకపోతే నరసమ్మ పెద్దమ్మ మొకం ఎట్ల చూసేది? నన్నేం చేయమంటారు?"

ఊరొదిలి గుంటూరు పోదామన్నాడొకడు. "పోయినా మళ్ళీ ఈ ఖాళీ బిందెల కాడికే గదా!" అంది చెంచులక్ష్మి.

అప్పుడు ప్రశాంతి నోరు విప్పింది. "ఫార్ములాలో తప్పు లేదు. మనమేం రాస్తే అది కూడుతాది. ఆయన ఒక్కడు చెప్పినాడు, నేను రాసినా."

దయామణి తలెత్తింది. "అయితే ఇప్పుడు అందరం చెప్దాం పదండి."

సమీక్ష రోజు మండలాఫీసు హాల్లోకి కాలనీ మొత్తం దూరింది. గోడకున్న పెద్ద టీవీలో ప్రశాంతి పట్టిక. కంప్యూటర్ ముందు ఆమె, పక్కనే రంగనాయకులు.

"ఏప్రిల్‌లో మీకు నీళ్ళన్నీ అందాయమ్మా. కంప్యూటరే చెబుతోంది" అన్నాడు అధికారి.

"కంప్యూటర్ తాగిందేమో నాయనా, మేం తాగలేదు" అంది దయామణి. "ప్రశాంతీ, ఏప్రిల్ తెరువు. ఈస్టర్ ముందర మట్టల ఆదివారం?"

"రాలేదు!" అన్నారు ఆడవాళ్ళు.

ప్రశాంతి ఆ రోజు వరసలో 'రాలేదు' అని మార్చింది. అందిన లీటర్లు తగ్గాయి, రానివి పెరిగాయి. హాలంతా చూసింది.

"గుడ్ ఫ్రైడే?"

"రాలేదు!"

"ఈస్టర్?"

"వచ్చింది" అంది చెంచులక్ష్మి. "వచ్చిందాన్ని వచ్చినట్టే ఉండనీ."

రంగనాయకులు వైరు పీకబోయాడు. ఆడవాళ్ళు అడ్డం నిలబడ్డారు. అధికారి పోలీసులకు ఫోన్ చేశాడు. ప్రభుత్వ లెక్కలు తారుమారు చేసిందని ప్రశాంతిని జీపెక్కించారు. సున్నా రాయించినవాడు కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు.

మేం స్టేషన్ ముందు రోడ్డు మీద కూర్చున్నాం. లోపలికి పోనివ్వలేదు, లేచి ఇంటికి పోవడానికి మాకు మనసొప్పలేదు. పాల్ రాజు బండి వదిలేసి నడిచి వచ్చాడు. "ఆ ట్రిప్పులు తోలింది నేను సార్. ఎవరి స్లాబు మీద పోసినానో రాసుకోండి" అన్నాడు. అతన్నీ లోపల వేశారు. దయామణి ఏడవలేదు. కొంగు బిగించి గేటు పట్టుకుంది.

ఎండ వాలేసరికి, సంగతి తెలిసి, ఆటోలు రావడం మొదలైంది. అర్ధవీడు వైపు నుంచి ఒక గుంపు, చంద్రశేఖరపురం దారిన ఇంకో గుంపు. మాకు వాళ్ళ పేర్లు తెలియవు, కానీ వాళ్ళ ఊళ్ళకూ రంగనాయకులు ట్యాంకర్లే.

"మీకేం కావాలి?" అని ఎస్సై గద్దించాడు.

వాళ్ళలో మేకల కర్ర పట్టుకున్న ఒకాయన, పేరు అంకన్నట, ముందుకొచ్చాడు. "మా ఊరి పేరు మీద ఏప్రిల్‌లో ఏం రాసినారో చూడాల సార్. ఆ పిల్లను బయటికన్నా పంపండి, కంప్యూటర్‌ను లోపలికన్నా తెప్పించండి. మేం చెప్తాం, ఆమె రాస్తాది."