నూటపన్నెండు వేలిముద్రలు

కరియమ్మ పోయిన రోజున హంపమ్మ ఒక నిశ్చయానికి వచ్చింది. ఏమైనా సరే, స్టాఫ్ నర్సు కావాలి.

కరియమ్మది రెండో కాన్పు. బిడ్డ చక్కగానే పుట్టింది గాని తల్లికి రక్తం ఆగలేదు. ఎక్కించవలసిన సెలైను సీసాలు సర్కారు దవాఖానలో అద్దాల బీరువాలో వరసగా కనిపిస్తూనే ఉన్నాయి. తాళంచెవి డాక్టర్ అమరప్ప జేబులో ఉంది, అమరప్ప రాయచూరులో ఉన్నాడు. ఆయన లేనప్పుడు అది స్టాఫ్ నర్సు దగ్గర మాత్రమే ఉండాలని రూలు. ఆ దవాఖానకు స్టాఫ్ నర్సు కాగితం మీద తప్ప కంటికి ఎప్పుడూ కనిపించలేదు. ఉన్నది హంపమ్మ ఒక్కతే. ఆమె ఏ.ఎన్.ఎం., జనం మాటల్లో చిన్న నర్సు. పురుళ్ళు పొయ్యొచ్చు, టీకాలు వెయ్యొచ్చు, బీరువా ముట్టుకోకూడదు. అద్దం పగలగొడదామని రాయి చేతిలోకి తీసుకుంది. ఉద్యోగం గుర్తొచ్చి కింద పెట్టేసింది. మధ్యాహ్నానికి కరియమ్మ ఒళ్ళు చల్లబడిపోయింది. ఆ రాయి దవాఖాన తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టే రాయి. హంపమ్మ దాన్ని ఆ తర్వాత కూడా రోజూ చూడవలసి వచ్చింది.

రెండేళ్ళకు, అరవయ్యారులో, దారి దొరికింది. జిల్లా నుంచి ఇద్దరు చిన్న నర్సులను ఏరి, మూడేళ్ళు బళ్ళారిలో చదివించి స్టాఫ్ నర్సులను చేస్తారట. వయసు ముప్పయ్యయిదు దాటకూడదు. హంపమ్మకు ముప్పయినాలుగు నిండి ఎనిమిది నెలలు. ఈ బస్సు తప్పితే ఇంకో బస్సు లేదు. యరగేరలో పుట్టి, పదిహేడేళ్ళకే మొగుణ్ణి పోగొట్టుకుని, వదిన చేతి కూడు తినలేక ఉద్యోగంలో చేరిన మనిషి. ఇన్నేళ్ళలో తనకోసం ఒకటి అడగడం ఇదే మొదలు.

కాలువ నీళ్ళు రాగానే తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడి రేగడిని మాగాణి చేసిన రైతుల్లో యలమందయ్య పెద్దవాడు. వాళ్ళు కట్టుకున్న ఊళ్ళను క్యాంపులంటారు; కోటయ్య క్యాంపులో ఆయన మాటే మాట. భార్య రాజ్యలక్ష్మికి రెండుసార్లు కడుపు పోయింది. మూడోది అయిదో నెల దాకా నిలిచిందంటే అది హంపమ్మ పుణ్యమే. వారం వారం కాలువగట్టు మీద మూడు మైళ్ళు నడిచి వచ్చి చూసిపోయేది.

హంపమ్మ వాళ్ళింట్లో బళ్ళారి సంగతి చెప్పిన నాలుగు రోజులకు యలమందయ్య స్వయంగా దవాఖానకు వచ్చాడు. అమరప్ప గదిలో గంటసేపు కూర్చుని, బయటికొచ్చి ఆమెను పిలిచాడు.

"మన క్యాంపుల్లో ఆడాళ్ళందరి చేతా ఓ అర్జీ పెట్టిద్దాం నర్సమ్మా. నీ గురించి నాలుగు మంచి ముక్కలు రాయిస్తాను. ఆఫీసర్లకి ఇంగ్లీషులో ఉంటేనే ఆనుద్ది."

అర్జీని అమరప్పే టైపు చేయించి తెచ్చాడు. హంపమ్మ చదివింది ఉర్దూ బడిలో, ఉద్యోగంలో నేర్చింది కన్నడం. ఇంగ్లీషులో మందుసీసాల మీది పేర్లు తప్ప చదవలేదు. అర్జీలో తన పేరు నాలుగుచోట్ల ఉందని పోల్చుకుని పొంగిపోయింది. ఇంకేముంది, పురుళ్ళ పుస్తకమూ సిరాదిమ్మా సంచిలో వేసుకుని తానే బయల్దేరింది.

నాట్ల రోజులు. ఆడవాళ్ళు బురదలోంచి లేచి వచ్చి, కాలువలో బొటనవేలు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, ఎక్కడ నొక్కాలని అడిగారు. నర్సమ్మ బాగుకోసమంటే ఎవరు కాదంటారు? యలమందయ్య తల్లి బుల్లెమ్మ ఒక వేలు చాలదేమోనని రెండు వేళ్ళూ నొక్కబోతే హంపమ్మే నవ్వి ఆపింది. పన్నెండు రోజులు, నాలుగు క్యాంపులు, నూటపన్నెండు ముద్రలు. రాజ్యలక్ష్మి మాత్రం సంతకం చేసింది. ఆమె చెయ్యి వణికితే నీరసమనుకుని, రోజూ పాలు తాగమని చెప్పి వచ్చింది ఈ పిచ్చిది.

రాయచూరులో ఇంటర్వ్యూ చేసిన ఆఫీసరు చెడ్డవాడు కాడు. కుర్చీ చూపించాడు. తన సర్వీసులో ఇలాంటి అర్జీ చూడలేదంటూ, ఒక్కొక్క వాక్యం చదివి కన్నడంలో చెప్పాడు. ఎండనక వాననక వస్తుందని, ఆమె చేతిలో పుట్టిన ఒక్క బిడ్డా పోలేదని, కన్నతల్లికంటే ఎక్కువని. హంపమ్మ తల వంచుకుని ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది. ఆఖరి వాక్యం దాకా వచ్చి ఆయన కళ్ళజోడు తీశాడు. ఈ తల్లి దూరమైతే మా ఆడవాళ్ళకు దిక్కులేదు, కనుక ఆమెను ఏ చదువుకూ పంపకుండా ఇక్కడే ఉంచవలసిందిగా వేడుకుంటున్నాము. దాని కింద, పంపవద్దని డాక్టరు సిఫారసు.

హంపమ్మ కుర్చీలోంచి లేచింది.

"సార్, గా ఏలుముద్రలన్నీ నేనే తిరిగి ఏయించిన," అంది.

మోసపోయానని చెప్పబోయింది. ఆయన మొహం మాత్రం విప్పారింది. ఆమే తిరిగి వేయించుకుందంటే ఆమెకూ పోవడం ఇష్టం లేదన్నమాటే కదా, ముందే చెబితే ఇంతదూరం రావలసిన పని ఉండేది కాదు కదా అన్నాడు. ఎర్ర పెన్సిలుతో ఆమె పేరు కొట్టేశాడు. తన వేలితో తన కన్నే పొడుచుకోవడం అంటారు. హంపమ్మ ఊళ్ళోవాళ్ళ వేళ్ళు కూడా పోగుచేసుకొచ్చి పొడుచుకుంది.

అమరప్పను అడిగితే, జనం అభిమానం ముందు చదువెంత అన్నాడు. వారానికి రెండు రోజులు దవాఖానలో, మిగతా రోజులు రాయచూరులో సొంత క్లినిక్కులో ఉండేవాడికి, ఆమె పోతే ఇక్కడ కట్టిపడేస్తారని భయం. ఆ సంగతి హంపమ్మకు అర్థమైంది. యలమందయ్య అయితే తల కూడా దించలేదు.

"అబద్ధం ఒక్కటి రాయించామా నర్సమ్మా?" అన్నాడు.

నిజమే, ఒక్కటీ లేదు. రాజ్యలక్ష్మి ఆమె రెండు చేతులూ పట్టుకుని, నువ్వు లేకపోతే నేనూ బిడ్డా బతకమని, కాన్పు నీ చేతి మీదే కావాలని ఏడ్చింది. హంపమ్మ ఆ ఏడుపుకు కరిగిపోయింది. మళ్ళీ వారం వారం గట్టు మీద మూడు మైళ్ళు.

ఎనిమిదో నెలలో ఒకరోజు వెళ్ళేసరికి అరుగు మీద బుల్లెమ్మ ఒక్కతే చిక్కుళ్ళు ఒలుస్తోంది. కోడల్ని వాళ్ళమ్మొచ్చి తెనాలి తీసుకుపోయిందని చెప్పింది. చెప్పి ఊరుకుంటే బాగుండేది.

"అక్కడ లేడీ డాక్టరుందంట, స్టాఫ్ నర్సులంట. రెండుసార్లు పోయిన కడుపాయె, చిన్న నర్సు చేతిలో ఎట్టా పెడతామే?"

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. హంపమ్మ గట్టు మీద తిరిగి నడుస్తుంటే, వేలు నొక్కిన ఆడవాళ్ళు వరి కోస్తూ బాగున్నావా నర్సమ్మా అని పలకరించారు. ఆమెకు ముప్పయ్యయిదు నిండింది ఆ వారమే.

మూడో నెల బిడ్డతో రాజ్యలక్ష్మి తిరిగొచ్చింది. మగపిల్లాడు, బొద్దుగా ఉన్నాడు. టీకా వేయించడానికి దవాఖానకు తెచ్చింది, హంపమ్మకని చీర కూడా తెచ్చింది. తెనాలిలో రక్తం ఆగకపోతే స్టాఫ్ నర్సు క్షణంలో సీసా ఎక్కించిందని, లేకపోతే తాను పోయేదాన్నని కళ్ళు పెద్దవి చేసి చెప్పింది. హంపమ్మ పిల్లాడి జబ్బ తుడిచి టీకా గుచ్చింది.

"రెండోసారి మాత్రం పుట్టింటికి పోనక్కా," అంది రాజ్యలక్ష్మి. "నీ చేతి మీదే."

హంపమ్మ చీరను తిరిగి ఆమె ఒళ్ళో పెట్టింది.

"మీరంత ఏలు నొక్కి ఆపుకున్నది చిన్న నర్సును, రాజ్యలక్ష్మమ్మా. గా బీరువ చాబీ ఇప్పటికీ రాయచూర్లనే ఉన్నది. రెండోదానికి గూడ తెనాలికే పో."

రాజ్యలక్ష్మి నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేసింది.