అంగారకుడి మీద గొర్రెలు

గుమ్మఘట్ట దాటాక చెట్టూ చేమా లేని ఆ ఎర్రటి బీడును మా సారు విజయభాస్కర్ గారే ఎంచుకున్నారు. అంగారకుడి మీద నీటి జాడ వెతకబోయే మా ఆరు చక్రాల బండిని అక్కడ పది రోజులు పరీక్షించాలి. నేల అచ్చం అంగారకుడిలా ఉందని మురిసిపోయి చుట్టూ కంచె వేయించారు. కంచెకు అవతల గొర్రెలు తాగే నీళ్ల తొట్టి ఉందన్న సంగతి ఆయనకు పట్టలేదు. అంగారకుడి మీద తొట్లు ఉండవు కదా!

దాంతో పక్క ఊళ్లో గొర్రెలు కాసుకునే ఆంజినమ్మ మంద తొట్టి చేరాలంటే కంచె చుట్టూ మూడు మైళ్లు తిరగాల్సి వచ్చింది. రెండో రోజే ఒక గొర్రెపిల్ల దారిలో పడి చచ్చిపోయింది. ఆమె వచ్చి దారి వదలమని అడిగింది. సారు కుదరదన్నారు. ఆ జిల్లాలోనే పుట్టిన నేను నోరు మెదపలేదు. సిగ్గుచేటు.

నాలుగో రోజు ఉదయం బండి ఒకచోట ఆగి, మట్టిలో తడి ఉందని తెరమీద చూపించింది. ఎగిరి గంతేశాం. సారు నన్ను కౌగిలించుకున్నారు కూడా. తీరా వంగి చూస్తే చుట్టూ గొర్రె పెంటికలు! ముందురోజు సాయంత్రం మేం బసకు వెళ్లగానే ఆంజినమ్మ కంచెలోంచే మందను తోలుకుపోయిందన్నమాట.

అంతలో ఆమే మందతో కంచె దగ్గరికి వచ్చింది. సారు మండిపడ్డారు.

"పరీక్షంతా పాడు చేశావు! తప్పయిందని చెప్పు."

"యాడిది తప్పు? గొర్రె ఉచ్చ గూడా కనిపెట్టింది మీ బండి. సంతోషపడల్ల. మీరు పోయే కాడ నీళ్లుండాయో లేదో మీకే తెల్దు. ఈ తొట్టిలో ఉండాయని నాకు తెలుసు. జరగప్పా!"

ఆమె కంచె తీగ ఎత్తింది. నాలుగు గొర్రెలు లోపలికి దూరాయి.

"బండిని వాటి మీదికి పోనీ, అవే బెదిరిపోతాయి," అన్నారు సారు. ల్యాప్‌టాప్ మీంచి నడిపాను. గొర్రెలకు మూరెడు దూరంలో బండి దానంతటదే ఆగిపోయింది.

"ముందు ఏది అడ్డొచ్చినా ఆగేలా మనమే చేశాం సార్."

"ఆ ఏర్పాటు తీసెయ్."

నా చెయ్యి ఆగింది. ఒళ్లు మండింది, ఆయన మీద కాదు, నా మీదే.

"తీయను సార్."

"నిన్ను ఈ పని నుంచి తీసేయమని పైవాళ్లకు రాస్తాను."

"రాయండి."

ల్యాప్‌టాప్ మూసేశాను.

"ఏమప్పా, సూస్తా నిలబడినావు? తొట్టి పక్క తీగ ఎత్తి పట్టుకో," అంది ఆంజినమ్మ.

చివరి గొర్రె నీళ్లు తాగి తలెత్తేదాకా తీగ వదల్లేదు.