పుట్టని మరదలు

మా బావ నన్ను పుట్టకుండా చేసేశాడు. మనవరాలిని ఎత్తుకునే వయసులో నాకీ గతి పట్టింది. అదీ గుట్టుగా కాదు, రంగుల అట్ట వేసి, అచ్చు కొట్టించి, నలుగురికీ పంచి మరీ చేశాడు.

బావ అంటే నా మొగుడే. పేరు ఉదయభాస్కర్. రామచంద్రపురంలో కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు. రిటైరయిన మగాళ్ళు గుళ్ళ చుట్టూ తిరుగుతారు, లేదంటే పేకాటలో కూర్చుంటారు. మా బావ నవల రాశాడు. కాలంలో వెనక్కి వెళ్ళి ప్రేమించడం గురించిన నవల.

ఆ రుచి ఆయనకు చూపించింది నేనే. అలాంటి కథలంటే నాకు ప్రాణం. లైబ్రరీలో ఉన్నవన్నీ అయిపోయాక ఫోన్లో చదవడం మొదలుపెట్టాను. రాకెట్లు, వేరే గ్రహాల యుద్ధాలు నా బుర్రకెక్కవు. ఒక మనిషి ఒక్క మనిషి కోసం ఏళ్ళకేళ్ళు దాటుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, నీ కోసమే వచ్చానని చెప్పడం ఉంటుంది చూడండి, నాకు కావలసింది అది.

ఎందుకంటారా? నన్ను ఎవరూ ఏరుకోలేదు, అందుకు. నేను కడుపులో ఉండగానే మా నాన్న పోయాడు. అమ్మ పుట్టింటికి వచ్చేసింది. పెద్దాపురం పక్కన పల్లెలో, ఆ ఇంట్లోనే నేను పుట్టాను. పుట్టిన రోజే మా మావయ్య, అంటే బావ వాళ్ళ నాన్న, దీన్ని మనవాడికే చేసుకుందామన్నాడట. అంతే, నా పని అయిపోయింది. పెళ్ళిచూపులు లేవు, ఈ పిల్ల నచ్చిందా అని అడిగినవాళ్ళు లేరు. బీరువాని ఈ గదిలోంచి ఆ గదిలోకి జరిపినట్టు నన్ను జరిపారు. బావ చెడ్డవాడని నేననను. ఒక్కనాడు పరుషంగా మాట్లాడి ఎరగడు. కాని నువ్వు నాకు కావాలని కూడా ఒక్కనాడు అనలేదు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసినా ఆ కొరత కొరతే. అందుకే ఆ కథలు. ఏ కాలానికైనా వెళ్ళగలిగినవాడు, అన్నీ వదిలేసి, వెతుక్కుంటూ ఒకామె దగ్గరికే వచ్చాడంటే ఆమె ఎంత అదృష్టవంతురాలో కదా. ఆ అదృష్టాన్ని కాసేపు నాదనుకుని చదువుకునేదాన్ని.

బావ ఏం రాసినా ముందు నాకే చూపించేవాడు. కాలేజీ ఫంక్షన్లో చదివే రెండు ముక్కలైనా సరే. ఈ నవల మాత్రం చూపించలేదు. అడిగితే "పూర్తవనీ" అన్నాడు. పూర్తయ్యాక "అచ్చవనీ" అన్నాడు. అచ్చయి కట్టలు ఇంటికొచ్చాక "సభలో నీ చేతిలో పెడతాను, అప్పటిదాకా ఆగు" అన్నాడు. ఏదో మురిపెం అనుకుని ఊరుకున్నాను.

మా కింది వాటాలో దేవిశ్రీ అని బ్యాంకులో పనిచేసే అమ్మాయి అద్దెకుంటోంది. ఆ పిల్లకు మాత్రం ఒక కాపీ ముందే ఇచ్చాడు. మర్నాడు కళ్ళు ఉబ్బించుకుని మేడ మీదికి వచ్చింది.

"ఒకటే ఏడుపండి ఆంటీ. జాతరలో హేమశ్రీ చెయ్యి పట్టుకున్నచోటైతే ఇంక నా వల్ల కాలేదండి. అంకుల్ గారు ఇంత రొమాంటిక్ అనుకోలేదండి. మీరు భలే లక్కీ అండి."

ఆ లక్కేంటో నేనూ చూద్దామని ఆ పిల్ల దగ్గరే పుస్తకం తీసుకున్నాను. మొదటి పేజీలోనే "నా జీవన సహచరి రామలక్ష్మికి" అని అంకితం. అబద్ధం ఎందుకు, కళ్ళు చెమర్చాయి. కూర పొయ్యి మీద మాడుతున్నా లేవకుండా చదివాను.

కథ బాగానే ఎత్తుకున్నాడు. రిటైరయిన లెక్చరరు ఒకాయన కాలవలో పడవెక్కుతాడు. పడవ లాకుల్లోకి వస్తుంది. వెనక తలుపులు మూస్తారు, నీళ్ళు పెరుగుతాయి, ముందు తలుపులు తెరుస్తారు. తెరిచేసరికి అవతల ఉన్నది ఆయన ఇంటర్ చదివే రోజులు. ఆ రోజుల్లో మరిడమ్మ జాతరలో చేజారిపోయిన హేమశ్రీ అనే పిల్లను ఈసారి చేజారనివ్వడు. రంగులరాట్నం దగ్గర రెండు చేతులూ పట్టుకుంటాడు. ఇక తిరిగి రాడు.

హేమశ్రీ ఎవరో మా ఇంటిల్లిపాదికీ తెలుసు. బేబీ. పెద్దాపురంలో బట్టల కొట్టు వాళ్ళమ్మాయి. బావ ఇంటర్ చదివేటప్పుడు ఆ కొట్టు చుట్టూ తిరిగేవాడని మా అమ్మే నవ్వుతూ చెప్పేది. బేబీ మీద నాకేం కోపం లేదండి. ఆవిడ కాకినాడలో చక్కగా ఉంది. నిరుడు వాళ్ళాయన షష్టిపూర్తికి మేమే వెళ్ళి భోంచేసి వచ్చాం.

నా ఒళ్ళు మండింది దానికి కాదు. ఆ నవల్లో మా ఇల్లు ఉంది. వీధి అరుగు ఉంది. మామ్మ ముక్కుపొడుం డబ్బా ఉంది. పొడిచే గేదె ఉంది. వాకిట్లో పడుకునే కుంటి కుక్కక్కూడా ఒక పేరా రాశాడు. మా అమ్మ ఉంది. ఎలా ఉందో తెలుసా? "సంతానం లేని మేనత్త" అట. పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పాను. నేను లేను. ఎక్కడా లేను. కుంటి కుక్కకున్న చోటు నాకు లేకపోయింది.

ఎందుకు లేనో కాసేపటికి అర్థమైంది. మిగతా మగాళ్ళైతే పెళ్ళికి ముందు రోజుల్లోకి వెళితే చాలు, పెళ్ళాం ఉండదు. మా బావకు ఆ వీలు లేదు. ఆయన ఏ ఏడాదిలో దిగినా నేను ఆ ఇంట్లోనే ఉంటాను. పాక్కుంటూనో, పలక పట్టుకునో, జడలు వేసుకునో. ఆ ఇంట్లో నేను ఉన్నానంటే, మావయ్య ఇచ్చిన మాట కూడా ఉన్నట్టే. అందుకని మొదలంటా తీసేశాడు.

బావ బజారు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే అడిగాను.

"అమ్మకి పిల్లల్లేరని రాశావేంటి బావా?"

నా చేతిలో పుస్తకం చూశాడు. "కథకి అడ్డమొచ్చింది" అన్నాడు.

"ఏది అడ్డమొచ్చింది?"

"మరదలు పాత్ర."

"అడ్డమొస్తే ఏ చుట్టాలింటికో పంపించలేకపోయావా? మా నాన్న వాళ్ళ వైపు ఎవరింట్లోనో పెరుగుతోందని రాయలేకపోయావా? ఏకంగా లేకుండా చేసేస్తావా?"

"చంపలేదు కదా రామలక్ష్మీ. లేదు, అంతే."

"చంపినా బాగుండేది. ఏడవడానికి ఒకళ్ళైనా ఉండేవారు."

ఆ మాటకు కొంచెం కదిలాడు. కదిలినా మాస్టారు మాస్టారే. పాఠం మొదలెట్టాడు. "ఇలాంటి కథలు నువ్వు చదివినన్ని నేను చదవలేదు. నీకు తెలియందేముంది? వెనక్కెళ్ళి ఒకటి మార్చాలంటే ఇంకోటి పోతుంది."

"మరి మన యుగంధర్ ఏమయ్యాడు? వాడి కూతురేమైంది?"

"కథ అక్కడిదాకా వెళ్ళదు."

కథ అక్కడిదాకా వెళ్ళదట. కన్న కొడుకునీ, ఎత్తుకు తిప్పే మనవరాలినీ లాకుల ఇవతలే వదిలేసి వెళ్ళాడు, ఆయనకు చీమ కుట్టినట్టైనా లేదు. నేను సభకు రానని చెప్పేశాను. ఆహ్వానాల్లో నీ పేరు వేసేశారు, అంకితం పుచ్చుకోవలసింది నువ్వే, నలుగురిలో నా పరువు తీయకు అని బతిమాలాడు. సరే, వస్తానన్నాను. ఎందుకు ఒప్పుకున్నానో నాకే తెలియలేదు. లోపల మాత్రం ఉడికిపోతూనే ఉన్నాను.

ఆదివారం పొద్దున రాజమండ్రిలో సభ. హాలు నిండింది. ఎక్కువమంది ఆడవాళ్ళే. అధ్యక్షులు గణేష్‌బాబు గారని పెద్దాయన, ఈ సాహిత్యం బాగా చదువుకున్న మనిషి. మంచి మాటకారి. "ఈ కథలు మనల్ని ఎందుకింత లాగుతాయండీ? ప్రతి మనిషికీ చేజారిపోయిన మనిషి ఒకరుంటారు. వాళ్ళను మళ్ళీ చేరుకోవడానికి సైన్సు ఒక దారి ఇస్తుంది. యంత్రం నెపం, అసలు సంగతి విరహం" అన్నారు. హాలంతా చప్పట్లు. నా పక్కన కూర్చున్న దేవిశ్రీ కళ్ళు తుడుచుకుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేజారిపోయిన మనిషి కోసమే కాలం దాటుతారా? చేతిలో ఉన్న మనిషి కోసం ఎవరూ దాటరా? నేను ఇన్నేళ్ళు చదివిన కథలన్నీ నావి కావా? ఎవరో వస్తారని గుమ్మం వైపు చూసే ఆడదాని వైపు నుంచి చదివాను నేను. ఈ మగాళ్ళు దాటి వెళ్ళేవాడి వైపు నుంచి చదువుతున్నారు. వెళ్ళేవాడు ఎవరిని తొక్కుకుంటూ వెళుతున్నాడో ఒక్కడికీ పట్టలేదు.

అంకితం ఇచ్చే వేళకు నన్ను వేదిక మీదికి పిలిచారు. భుజాల మీద శాలువా కప్పారు. వెండి పళ్ళెంలో పుస్తకం పెట్టి బావ నా ముందుకు చాపాడు. గణేష్‌బాబు గారు మైకు నా వైపు తిప్పి, "రెండు మాటలు చెప్పండమ్మా" అన్నారు.

"నమస్కారమండి" అన్నాను. "ఈయన నాకు మేనమామ కొడుకు. నేను ఈయనింట్లోనే పుట్టి పెరిగాను. ఈ నవల్లో జాతర ఉంది కదండీ, మీరంతా మెచ్చుకున్న ఆ జాతర. దానికి నేనూ వెళ్ళాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. వర్షం, బురద, తోసుకునే జనం. పిల్ల జాగ్రత్తరా అని మా అమ్మ నన్ను ఈయన చేతికి అప్పగించింది. నవల్లో హీరో రెండు చేతులతో ఆ అమ్మాయి చేతులు పట్టుకున్నాడండి. ఆ రోజు ఈయనకి రెండు చేతులూ ఖాళీగా లేవండి. ఒకటి నేను పట్టుకుని ఉన్నాను."

బావ తల వంచుకున్నాడు. నేను ఆయన వైపే తిరిగి, నలుగురిలో కాబట్టి మీరు అనే అడిగాను.

"ఆ చెయ్యి విడిపించుకుని, అంత జనంలో ఆ పిల్లని ఎక్కడ వదిలేశారండి? ఆ ఒక్కటీ చెప్పండి. చెబితే ఈ పుస్తకం పుచ్చుకుంటాను."

పళ్ళెం ఇంకొంచెం ముందుకు చాపాడు, అంతే. శాలువా తీసి, మడత పెట్టి, ఆ పళ్ళెంలో పుస్తకం మీదే పెట్టేసి మెట్లు దిగి వచ్చేశాను. ముక్కున వేలేసుకున్నవాళ్ళు వేసుకున్నారు. వెనక వరసలో ఎవరో ముసలావిడ మాత్రం నా చెయ్యి నొక్కి వదిలింది.

భోజనాలకు ఆగకుండా బస్సెక్కేశాం. నేను కిటికీ పక్కన, బావ నా పక్కన. ద్వారపూడి దాటింది. మండపేట దగ్గరకొస్తోంది. ఆయన ఒడిలో పుస్తకాల సంచి పట్టుకుని ముందు సీటు వైపే చూస్తున్నాడు. నేను మాట్లాడదలుచుకోలేదు. ఇంటికెళ్ళి ఏ గదిలో పక్క వేసుకోవాలా అని ఆలోచిస్తున్నాను.

"వదల్లేదు" అన్నాడు ఉన్నట్టుండి.

"ఏంటి?"

"ఆ రోజు నిన్ను వదల్లేదు. బేబీ రాట్నం దగ్గరుంటానని కబురంపింది. నిన్ను వెంటబెట్టుకునే బయల్దేరాను. మధ్యలో నీ చెప్పు బురదలో ఊడిపోయింది, కాల్లో గాజుపెంకు దిగింది. నిన్ను జీళ్ళ కొట్టు బల్ల మీద కూచోబెట్టాను. కొట్టువాణ్ణి చూస్తూ ఉండమని చెప్పాను. ఇప్పుడే వస్తానన్నాను నీతో."

"వెళ్ళావా?"

"కొంచెం దూరం వెళ్ళాను. వెనక్కి తిరిగి చూశాను. నువ్వు ఏడుస్తుంటే చిరాకుపడి వెళ్ళిపోయేవాణ్ణేమో. ఏడవలేదు. నేను వస్తానన్నాను కాబట్టి వస్తాననే నమ్మకంతో కూచున్నావు. రాట్నం కనిపిస్తూనే ఉంది. బేబీ కూడా కనిపించింది. వెనక్కొచ్చేశాను. నిన్ను వీపు మీదేసుకుని ఊరిదాకా మోసుకొచ్చాను. తర్వాత బేబీ నాతో మాట్లాడలేదు."

నాకు ఆ రోజున బురద గుర్తుంది, నొప్పి గుర్తుంది, తడిసిన చొక్కా వాసన గుర్తుంది. రాట్నం దగ్గర ఎవరో నిలబడి ఉన్నారని నాకెవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి చెప్పలేదు. నన్నెవరూ ఏరుకోలేదని నేను కుమిలిపోతుంటే, ఈయన ఆ సంగతిని కడుపులో పెట్టుకుని, పైగా అది జరగనట్టు రెండొందల పేజీలు రాశాడు. నా కోపం చల్లారలేదు సరికదా, రెట్టింపైంది.

"మరి ఇది రాయవలసింది కదా" అన్నాను. "ఇది వదిలేసి ఆ బోడి లాకులు, ఆ పడవ రాశావా?"

బావ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇందులో ఏముంది రాయడానికి? కాలం వెనక్కెళ్ళేది లేదు, కలుసుకునేది లేదు. కాలికి దెబ్బ తగిలిన పిల్లని ఇంటికి తీసుకొచ్చాడు, అంతే కదా. ఇలాంటిది రాస్తే ఎవరు చదువుతారు రామలక్ష్మీ?"

"నేను చదువుతాను" అన్నాను, ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా.