నీలం సైకిలు, నాలుగు కన్నాలు

ఎజిదియో చెవి దగ్గరగా పెట్టి, వేలి కణుపుతో సైకిలు గొట్టం మీద కొట్టి విన్నాడు. టంగుమంది. పై గొట్టం, కింది గొట్టం, సీటు గొట్టం, అన్నీ టంగుమన్నాయి. పగిలిన గొట్టమైతే అలా పలకదు, దగ్గొచ్చిన ముసలాడిలా డబ్బుమంటుంది. చలికాలమంతా పొద్దున్నే ఇంటి కింద నేలమాళిగలోకి దిగడం, స్టాండుకు వేలాడే సైకిలును నాడి చూసినట్టు తట్టి చూడడం, ఏ జబ్బూ లేదని తేలాక ఇంకాస్త భయపడడం అతనికి అలవాటైపోయింది. జబ్బు దొరికితే మందుంటుంది. దొరకని జబ్బుకేముంది, దిగులు తప్ప.

ఎజిదియో వృత్తి కన్నాలు వేయడం. దొంగ కాడు పాపం, దొంగతనానికి ధైర్యం కావాలి. బెర్గామో దగ్గర ఆ లోయలో సగంమంది గుండీలు చేస్తారు, మిగతా సగం సైకిళ్లు తొక్కుతారు. ఎజిదియో గుండీల ఫ్యాక్టరీలో కన్నాల మిషను ముందు నిలబడి జుట్టు తెల్లబరుచుకున్నాడు. ఒక్కో గుండీకి నాలుగు కన్నాలు. పొట్టి మనిషి. మిషను కింద పడిన కుడి బొటనవేలి కొన రేకులా చదునైపోయింది. వెనకనుంచి ఎవరో తిట్టబోతున్నారన్నట్టు మెడ ఎప్పుడూ భుజాల్లోకి ముడుచుకుని ఉంటుంది. చొక్కా గుండీలు గొంతుదాకా పెట్టుకుంటాడు, నడి ఎండాకాలంలో కూడా. లోకానికంతా గుండీలు పంచాడుగానీ తనకో గుండె మిగుల్చుకోలేదని అతని స్నేహితుడు బోర్తోలో నలుగురిలో అనేవాడు. నలుగురూ నవ్వేవాళ్లు. ఎజిదియో కూడా నవ్వేవాడు, నవ్వకపోతే ఏమనుకుంటారోనని.

ఒకప్పుడు ప్యాకింగు విభాగంలో ఓ అమ్మాయిని పెళ్లికి అడుగుదామనుకున్నాడు. కాదంటుందేమోనని ఓ ఏడాది భయపడ్డాడు, అవునంటుందేమోనని రెండో ఏడాది భయపడ్డాడు. మూడో ఏడాది ఆమె పెళ్లికి పిలిస్తే వెళ్లి భోంచేసి వచ్చాడు. అప్పటినుంచి అక్క పియెరా వండిపెడుతోంది.

బోర్తోలో సంగతి వేరు. వయసులో ఉండగా లోయకంతా మొనగాడు, సైకిలు పందేల్లో బహుమతిగా గెలిచిన పందితొడలు ఇంటి చూరుకు వేలాడేవి. బోర్తోలో జీవితమంతా తొక్కాడు, ఎజిదియో జీవితమంతా తొక్కించుకున్నాడు. అయినా ఒకడు లేకుండా ఇంకొకడు కాఫీ తాగింది లేదు. ఆ రోజుల్లో పందేల కుర్రాళ్లకు సైకిలు బరువు తగ్గించే పిచ్చి పట్టింది. బ్రేకు పిడులకు కన్నాలు, పళ్లచక్రానికి కన్నాలు, ఆఖరికి హ్యాండిలును పట్టుకునే అల్యూమినియం మెడకు కూడా కన్నాలు. కన్నాలంటే ఇంకెవరు? భోజనాల వేళ ఫోర్మన్ కునుకు తీస్తుంటే, ఎజిదియో గుండీల మిషను మీదే ఊళ్లోవాళ్ల సైకిలు సామాన్లు తొలిచేవాడు. అలవాటైన చెయ్యి కదా, ఏది తొలిచినా గుండీలాగే వచ్చేది, చతురస్రంగా నాలుగు కన్నాలు. బోర్తోలో హ్యాండిల్ మెడకు చెరో పక్కా అలా ఒక్కో గుండీ పడింది. తన సైకిలుకు మాత్రం ఎజిదియో ఒక్క కన్నమైనా పెట్టుకోలేదు. లోహం పలచబడితే ఏమవుతుందో తలుచుకుంటేనే అతనికి కాళ్లు వణికేవి. ఆ మాట మిగతావాళ్లతో అనడానికీ వణికేవి.

తరవాత బోర్తోలోకు చెడ్డకాలం వచ్చి సైకిలు అమ్మేశాడు. అది మొన్న శరదృతువులో పక్క ఊరి పాతసామాన్ల సంతలో ఎజిదియో కంటపడింది. విరిగిన ఊయలకీ తుప్పు పట్టిన మంచానికీ మధ్య నిలబెట్టి ఉంది. ఎవడో మహానుభావుడు గోడల రంగు బ్రష్షుతో పచ్చగా పూసేశాడు. హ్యాండిల్ మెడ మీద ఆ నాలుగు కన్నాలు మాత్రం కళ్లప్పగించి ఎజిదియోనే చూస్తున్నాయి. బేరమాడడానికి నోరు రాక, అడిగినంతా ఇచ్చి తెచ్చుకున్నాడు.

పచ్చరంగు గీకితే కింద నీలం బయటపడింది. ఉత్త నీలం కాదు, వాన వెలిసిన మధ్యాహ్నం ఆకాశం. తుప్పు తోమాడు, బేరింగు గుళ్లు మార్చి గ్రీజు కూరాడు, వంకరపోయిన రిమ్ము పుల్లల్ని ఒక్కొక్కటే లాగి తిన్నగా చేశాడు. టైర్లు జిగురుతో రిమ్ముకు అంటించే రకం, మలుపులో ఊడితే మనిషి లోయలో తేలతాడు. అంటించాడు, నమ్మకం లేక పీకాడు, మళ్లీ అంటించాడు. ఇదంతా బోర్తోలో కోసమే. ఏటా వసంతంలో ఓ ఆదివారం ఊరి పాత సైకిలువాళ్లు శిలువ కనుమ ఎక్కి, పైనున్న మేరీమాత గుడి దగ్గర పాదిరి చేత దీవెన నీళ్లు చల్లించుకుని, కిందికి జారుకుంటూ వస్తారు. ఎక్కే సైకిలు పాదిరికన్నా వయసులో పెద్దదై ఉండాలన్నది నియమం. ఈమధ్య ఓ కుర్ర పాదిరి వచ్చాక నియమం సులువైంది. అయినా తన సైకిలు కానిది ఎక్కనని బోర్తోలో ఇన్నేళ్లూ రాలేదు. వచ్చే నెలలో అతని మోకాలికి ఆపరేషను. ఎక్కితే ఈ ఆదివారమే ఎక్కాలి.

ఆ ఆదివారం ఇవాళే. సైకిలంతా పరీక్షించి ఎజిదియో ఒక్కటి మాత్రం ఆఖరికి ఉంచాడు. హ్యాండిల్ మెడ. తన చేతిపని. చూడాలంటే భయం, చూడకుండా ఇవ్వాలంటే ఇంకా భయం. ఫ్యాక్టరీలో అచ్చులకు చేసినట్టే దాన్ని కిరసనాయిలులో ముంచి, పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లి, కదలకుండా కూర్చున్నాడు. పగులు లేకపోతే సుద్ద తెల్లగానే ఉంటుంది. ఉంటే, లోపల దాక్కున్న నూనె నెమ్మదిగా పైకి ఊరి తన బొమ్మ తానే గీసుకుంటుంది.

గీసుకుంది. కింది కన్నం దగ్గర మొదలై అంచువైపు, వెంట్రుకంత నల్లగీత.

ఈ గీత మీద చేతులు ఆనించి బోర్తోలో ఎన్ని కొండలు దిగాడో. ఒక్క బోర్తోలోనేనా? లోయలో ఎంతమందికి తొలిచి ఇచ్చాడో లెక్క లేదు. కళ్లు మూసుకుంటే కనుమ నిండా సైకిళ్లు, ప్రతిదాని మెడ మీదా నాలుగు కన్నాలు, అన్నీ కిందికే దిగుతున్నాయి. ఎడమ చెయ్యి బరువుగా లాగింది. స్పానరు పట్టిన చెయ్యి కుడిది కదా అనిపించింది, కానీ భయానికి కుడి ఎడమలుంటాయా అని సర్దుకున్నాడు.

చెబితే? బోర్తోలో నవ్వుతాడు. ఇన్నేళ్లు ఆగింది ఇవాళ ఒక్కపూట ఆగదా అంటాడు, పాతదే బిగించమంటాడు. ఎజిదియో గోడకు ఆనించి ఉన్న తన సైకిలు దగ్గరికి వెళ్లాడు. కన్నం ఎరగని దాని మెడ ఊడదీసి నీలం సైకిలుకు ఎక్కించాడు. బిగించాడు. హ్యాండిలు పట్టుకుని ఒళ్లంతా వేసి వేలాడి చూశాడు. మళ్లీ బిగించాడు.

బోర్తోలో మెట్లు దిగి వచ్చాడు, ఉన్ని బనీనులో పొట్ట ముందు, తను వెనక. సైకిలును చూసి సీటు నిమిరాడు. తరవాత చెయ్యి ముందుకు జరిగి ఆగింది.

"ఏరా, నా గుండీలేవి?"

"అరిగిపోయాయి."

"అల్యూమినియం అరిగిపోవడమేంట్రా? పెన్సిలా అది? తీసుకొచ్చి పెట్టు. అది లేకపోతే ఇది నా సైకిలెలా అవుతుంది?"

ఎజిదియో తలెత్తలేదు. చేతిలో గుడ్డను మెలిపెడుతూ, తన గొంతేనా అనిపించేంత నెమ్మదిగా, "ఇలాగైతేనే ఇస్తాను బోర్తోలో. లేకపోతే ఇవ్వను," అన్నాడు.

బోర్తోలో అతన్ని ఎగాదిగా చూశాడు. ఇన్నేళ్లలో ఈ మనిషి తనకు వద్దని చెప్పిన మాట ఒక్కటీ గుర్తుకురాలేదు.

"ముందు భయం పుట్టి, తరవాత నువ్వు పుట్టావురా," అంటూ నవ్వేసి సైకిలు భుజానికెత్తుకున్నాడు. "సరే, దిగేచోట వైను పట్టుకుని నిలబడు. ఒలకబోశావంటే చంపేస్తా."

పాత మెడను గుడ్డతో చుట్టి కోటు జేబులో వేసుకున్నాడు ఎజిదియో. పారేస్తే ఎవడైనా ఏరుకుని ఇంకో సైకిలుకు బిగిస్తాడేమోనని భయం. అలా రంగు పాలిపోయావేంట్రా, కాస్త సూపు తాగి వెళ్లమని పియెరా వెనకనుంచి కేకేసింది. వచ్చి తాగుతానన్నాడు.

కనుమ రోడ్డు ఊళ్లోకి దిగేచోట రాతితొట్టి ఒకటి ఉంది, కొండనీళ్లు పగలూ రాత్రీ అందులో పడుతుంటాయి. పక్కనున్న బల్ల మీద వైను సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పైనుంచి గుడిగంట వినిపించింది. అంటే నీళ్లు చల్లేశారు, బయల్దేరారు. ఎక్కడం బోర్తోలో పని, దిగడమూ బోర్తోలో పనే. దిగులు మాత్రం ఎజిదియోది.

బిగించానా? బిగించాను. కానీ మరీ బిగిస్తే మర లోపల తెగుతుందంటారు. మరీ బిగించానా? అరచేతులకు చెమట పట్టింది. రొమ్ములో ఎవరో మరను ఒక్కో చుట్టూ తిప్పుతున్నట్టుంది. ఎజిదియోకు ఆశ్చర్యమేమీ కలగలేదు. భయమనే ఈ చుట్టం చిన్నప్పటినుంచీ ఇంటికి వస్తూ పోతూ ఉన్నవాడే. ఈసారి వచ్చింది వేరెవరో అని అతనికి తోచలేదు. మొదటి సైకిళ్లు పోయాయి, ఎర్రది, తెల్లది. నీలం లేదు. ఊపిరాడక మెడ దగ్గర గుండీ విప్పుకున్నాడు. తరవాత ఇంకోటి.

చివరి మలుపులో నీలం కనబడింది. హ్యాండిలు తిన్నగా, తాడు కట్టి లాగినంత తిన్నగా ఉంది. దాని మీద పొట్ట, పొట్ట మీద నవ్వు. ఎజిదియో లోపల ఎప్పటినుంచో బిగిసి ఉన్నదేదో ఒక్కసారిగా వదులైంది. అంత వదులు అతనెప్పుడూ ఎరగడు.

బోర్తోలో తొట్టి దగ్గర ఆపి, ఆయాసంతో ఒగురుస్తూ మొదలుపెట్టాడు. బ్రేకు ముట్టుకోలేదని, కుర్ర పాదిరిని కూడా దాటేశానని, నీ దిక్కుమాలిన మెడ బాగానే ఉందిలే అని. వైను అడిగాడు. సీసా ఎజిదియో ఒళ్లో నిటారుగా ఉంది, ఒక్క చుక్క ఒలకలేదు. ఎజిదియో రోడ్డువైపే చూస్తున్నాడు. నిద్రపోయావా అంటూ బోర్తోలో అతని భుజం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

డాక్టరు వచ్చి వెళ్లాడు. కొండ పైన చల్లగా మిగిలిన నీళ్లు పాదిరి ఇక్కడ ఎజిదియో మీద చల్లాడు. పియెరా రాకముందే చొక్కా సరిచేద్దామని, బోర్తోలో ఆ రెండు గుండీలూ పెట్టాడు. కోటు లాగబోతే జేబు బరువుగా తగిలింది. గుడ్డ విప్పాడు. తన గుండీలు రెండూ కనబడ్డాయి. వాటితోపాటు ఇంకొకటి కూడా కనబడింది.

చాలాసేపు చూశాడు. నవ్వలేదు. మెడను రాతితొట్టి గట్టు మీద పెట్టాడు. తరవాత ఎజిదియోను ఇంటికి తీసుకెళ్లే మనుషుల వెంట, నీలం సైకిలును ఎక్కకుండా నడిపించుకుంటూ వెళ్లాడు.

రాతితొట్టి గట్టు మీద హ్యాండిల్ మెడ అలాగే ఉంది. నాలుగు కన్నాల్లోంచి నాలుగు వెలుతురు చుక్కలు రాతి మీద పడుతున్నాయి. కింది చుక్క పక్కన, సుద్ద ఇంకా వదలని లోహం మీద, వెంట్రుకంత నల్లగీత.