మోకాలి మీద నీళ్ల గ్లాసు

మా బావకి తీరిక దొరికితే నాకు పని దొరుకుతుంది. నేను ల్యాప్‌టాప్ రిపేరు షాపు తెరిచిన మొదటి నెల నుంచీ ఇదే వరస. బాగా నడుస్తున్న వస్తువుని ఇంకా బాగా నడిపిద్దామని ఆయనకి మహా సరదా. నడవడం మానేశాక అది నా దగ్గరికి వస్తుంది. నేను తిట్టుకుంటూ బాగుచేస్తాను, ఆయన నవ్వుకుంటూ పట్టుకుపోతాడు. ఈసారి మాత్రం ఆయన చెయ్యి పెట్టింది అక్క ల్యాప్‌టాప్ మీద. అదీ ఎప్పుడు? అక్కకి దాంతో చావోరేవో అన్నట్టున్న రోజుకి సరిగ్గా ముందురోజు.

అక్క ఒక కట్టడాల డిజైను ఆఫీసులో బొమ్మలు గీస్తుంది. ఎనిమిదేళ్లుగా గీసేది తను, కింద పేరు మాత్రం వాళ్ల మేనేజరుది. ఈమధ్య పిల్లల లైబ్రరీ ఒకటి కట్టాలని డిజైన్ల పోటీ పెట్టారు. అక్క ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా, నాలుగు నెలలు ఇంట్లో కూర్చుని గీసింది. కింద తన పేరు రాసుకుంది. ఇక మిగిలింది ఒక వీడియో. ఆ లైబ్రరీలోకి మనమే నడిచి వెళ్తున్నట్టు చూపించే ఆ వీడియోని ఆఖరి రోజు సాయంత్రం అయిదింటిలోపు పంపాలి. ఒక్క నిమిషం దాటినా వెబ్‌సైటు తీసుకోదు.

ఆ వీడియో తయారుచేయడం ల్యాప్‌టాప్ పని. గోడల మీద పడే వెలుగు, బల్లల కింద నీడ, అన్నీ అదే లెక్కగట్టుకుంటూ పోవాలి. మామూలుగా అయితే రెండు గంటలు పట్టేది. బావ ఊరుకుంటాడా? ప్రాసెసర్ ఎంత కరెంటు వాడొచ్చో తయారుచేసినవాళ్లు ఒక హద్దు పెడతారు. ఆ హద్దుని ఏదో సాఫ్ట్‌వేర్ తెచ్చి నలభై అయిదు వాట్ల నుంచి అరవైకి జరిపాడు. "రెండు గంటల పని గంటన్నరలో లేచిపోతుంది చూడు" అన్నాడట. తీరా మర్నాడు పదకొండింటికి మొదలుపెడితే, ల్యాప్‌టాప్ అడిగిన సమయం ఆరు గంటల నలభై నిమిషాలు.

అక్క ఫోన్లో ఏడవలేదు. "నువ్వు ఒకసారి రావే" అని పెట్టేసింది. ఏడ్చినా అంత భయం వేసేది కాదు నాకు.

వెళ్లేసరికి ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో ల్యాప్‌టాప్ ఉంది.

"రా డాక్టరమ్మా, రోగి నీకోసమే చూస్తున్నాడు" అన్నాడు బావ.

"రోగి సంగతి తర్వాత బావా. రోగం ఎదురుగానే కూర్చుంది కదా" అన్నాను.

ముందు ఆయన జరిపిన హద్దులన్నీ వెనక్కి జరిపాను. ఆ సాఫ్ట్‌వేర్ తీసి పారేశాను. మళ్లీ స్టార్ట్ చేసి చూస్తే కరెంటు వాడకం పదిహేను వాట్ల దగ్గరే కూర్చుంది. అంటే ఉండాల్సిన నలభై అయిదులో మూడో వంతు. వేడెక్కి నెమ్మదించిందా అంటే, అదీ లేదు, చల్లగానే ఉంది. చార్జరు మారిపోయిందా అంటే దాంతో వచ్చినదే. ప్లగ్గు మార్చాను, వైరు మార్చాను. అరగంట గడిచింది కానీ ఆ పదిహేను మాత్రం కదల్లేదు.

"నేను పెట్టిన అరవై తీసేశావుగా? మరి ఇంకా ఎందుకు నత్తనడక?" అన్నాడు బావ, కుర్చీలో వెనక్కి వాలి. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు అన్నీ నా మీదికి నెట్టకు. రాకపోతే రాదని చెప్పు."

నాకు ఒళ్లు మండింది. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మూడు వీధుల అవతలున్న నా షాపుకి పరిగెత్తాను. వెనక మూత విప్పాను, దుమ్ము ఊదాను, ఫ్యాన్లు తుడిచాను. కౌంటరు మీద పెట్టి ఆన్ చేస్తే చెప్పినట్టు నలభై అయిదు వాట్లు! ఇరవై నిమిషాలు నడిపినా ఒక్క వాటు తగ్గలేదు. దుమ్మే కారణమని నన్ను నేనే మెచ్చుకున్నాను. రెండింటికల్లా తిరిగొచ్చి, అదే బల్ల మీద పెట్టి, అక్క చేతే మళ్లీ మొదలుపెట్టించాను. అయిదు నిమిషాలు కాలేదు, వచ్చి మళ్లీ పదిహేను మీద కూలబడింది.

"మీ షాపులో గాలి పడిందేమో దానికి" అన్నాడు బావ.

అక్క గడియారం చూసింది, తర్వాత నన్ను చూసింది. "మూడు గంటలే ఉందే" అంది మెల్లగా. ఆ గొంతు విన్నాక నాకు బావ మీద కోపం కూడా గుర్తులేదు. మళ్లీ షాపుకే పోదామని వైరు పీకబోయాను.

సరిగ్గా అప్పుడే బావ "టీ పెడతాను ఉండండి" అని లేచి వంటింట్లోకి వెళ్లాడు. తెర మీద పదిహేను కాస్తా ఇరవై అయ్యింది. తర్వాత ముప్పై. ఆయన పాలు వెతుక్కునే లోపల నలభై అయిదుకి చేరి నిలబడింది.

ఆయన టీ కప్పులతో వచ్చి కూర్చున్నాడు. నిమిషం తిరక్కుండా పదిహేను. అక్క ముందున్న మంచినీళ్ల గ్లాసులో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి. వంగి బల్ల కిందికి చూశాను. బావ కుడికాలు, మడమ లేపి, కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఊగుతోంది. మోకాలు బల్ల చెక్కకి తగులుతోంది. బల్లకి ఒక కాలు ఎప్పటినుంచో పొట్టి.

కొండని తవ్వి ఎలుకని పట్టాను. ఈ రకం ల్యాప్‌టాప్‌లో కదలికని పసిగట్టే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. తను ఊగుతుంటే ఎవరో ఒళ్లో పెట్టుకున్నారనుకుంటుంది అది. పాపం వాళ్ల తొడలు కాలతాయని కరెంటు తగ్గించుకుని నెమ్మదిస్తుంది. నా షాపు కౌంటరు రాతిది, దాన్ని ఎవరూ ఊపలేరు.

"బావా, కాలు ఊపకు" అంటే సరిపోయేది. కాసేపు బయటికి పంపేసినా సరిపోయేది. నాకు తెలియక కాదు. కానీ పొద్దుట్నుంచీ ఆయన అన్న మాటలన్నీ కడుపులో ఉన్నాయి. నేనేం సన్యాసినిని కాదు.

"బావా, రోగం దొరికింది" అన్నాను, చాలా గంభీరంగా. "నీ ఒంట్లో కరెంటు ఎక్కువగా ఉంది. అది ల్యాప్‌టాప్‌ని పాడుచేస్తోంది."

"ఇదెక్కడి శాస్త్రం?"

"నువ్వు చదివే సైట్లలో ఉండదులే. ఇది షాపు విద్య."

స్టీలు గ్లాసు నిండా, అంచుల దాకా నీళ్లు పోసి తెచ్చాను. ఆయన్ని కుర్చీ పక్కకి తిప్పి కూర్చోమని, బల్ల కాలికి ఆనిన కుడి మోకాలి మీద పెట్టాను. "నీళ్లు కరెంటుని లాగేస్తాయి. వీడియో అయ్యేదాకా చెయ్యి తగలకూడదు, ఒక్క చుక్క ఒలకకూడదు. ఒలికిందా, అక్క నాలుగు నెలల కష్టం నీళ్లపాలే."

బావ తెర వైపు చూశాడు. నా మొహం చూశాడు. అక్క మొహం కాస్త ఎక్కువసేపు చూశాడు. పాదం నేలకి ఆనించి బిగుసుకుని కూర్చున్నాడు. నలభై అయిదు వచ్చింది. అయ్యేది నాలుగూ ముప్పై అయిదుకి అని చూపించింది.

నిండు కుండ తొణకదంటారు. మా బావ కుండ ఎంతవరకు నిండిందో నాకు తెలుసు గానీ, గ్లాసు మాత్రం తొణకలేదు. ఆయన ఎదురుగా కూర్చుని నేను ఆయన బిస్కెట్లు తిన్నాను. ఆయన టీ కూడా తాగాను. ముక్కు మీద ఈగ వాలితే మూతి వంకర చేసి ఊదుకున్నాడు, దాన్ని ఫోటో తీశాను. అక్కకి విషయం ఎప్పుడో తెలిసిపోయింది. చున్నీ నోట్లో కుక్కుకుని అటు తిరిగి నవ్వుతోంది. ఆ రోజంతటిలో అక్క నవ్వడం అదే మొదలు.

మూడున్నరకి ఎవరో కాలింగ్ బెల్లు గట్టిగా కొట్టారు. బావ ఉలిక్కిపడ్డాడు. నాలుగు చుక్కలు ప్యాంటు మీద పడ్డాయి. ఆ ఉలికిపాటుకి కాలు మళ్లీ అందుకుంది. తెర మీద పదిహేను, అయ్యే సమయం జరుగుతూ జరుగుతూ అయిదూ పదికి చేరింది. అక్క నవ్వు ఆగిపోయింది. బావ రెండు చేతులతో తొడని అదిమిపట్టి కళ్లు మూసుకున్నాడు. ఆయన నుదుటి మీద చెమట చూశాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు. నలభై అయిదు తిరిగొచ్చింది. చేతిలో ఉన్న బిస్కెట్టు తిరిగి ప్లేటులో పెట్టేశాను.

నాలుగూ నలభై రెండుకి వీడియో పూర్తయింది. అక్క వెంటనే పంపింది. నాలుగూ యాభై మూడుకి "మీ డిజైను అందింది" అని వచ్చింది, పక్కన అక్క పేరు ఉంది. అక్క తన పేరుని తనే పైకి రెండుసార్లు చదువుకుంది.

నేను మాత్రం బుద్ధి పోనిచ్చుకోలేదు. "బావా, ఇంకో పావుగంట అలాగే ఉండు, ప్రాసెసర్ చల్లారాలి" అన్నాను.

"చాల్లేవే, పాపం!" అంది అక్క.

"సరే అయితే, అసలు సంగతి విను బావా" అని ఒళ్లో ఉన్నాననుకునే ల్యాప్‌టాప్ గురించీ, ఆయన కాలు గురించీ మొత్తం చెప్పాను. ఆయన మొహం ఎప్పుడు మాడుతుందా అని చూస్తున్నాను.

"తెలుసు" అన్నాడు బావ.

"ఏం తెలుసు?"

"టీ తెచ్చినప్పుడు నువ్వు బల్ల కిందికి వంగి నా కాలు చూశావుగా. అప్పుడే తెలిసింది. ఒంట్లో కరెంటట, నీళ్లు లాగుతాయట! నేనేమైనా చిన్నపిల్లాడినా?"

"మరి లేచి బయటికి పోవచ్చుగా? రెండు గంటలు ఈ గ్లాసు ఎందుకు మోశావు?"

"ఎనిమిదేళ్లకి మీ అక్క పేరుతో ఒక బొమ్మ వెళ్తోంది. దాన్ని ఒక్కదాన్నే కూర్చోబెట్టి ఎక్కడికి పోను?" అన్నాడు. "ఇక్కడే ఉంటే కాలు నా మాట వినడం లేదు. పొద్దుట్నుంచీ దాని మొహం చూసేకొద్దీ ఇంకా ఊగుతోంది. చెడగొట్టింది నేనేమోనని భయం. నువ్వు గ్లాసు తెచ్చి పెడితే, బతికించావనుకున్నాను."

నాకు సిగ్గేసింది. ఈయన్నా నేను ఇంతసేపూ ఆడించాననుకున్నది అనిపించింది. అక్క పెళ్లయిన ఈ పదకొండేళ్లలో బావ మీద అంత ఇష్టం ఎప్పుడూ కలగలేదు. ఫోన్ తీసి ఈగ ఫోటో చెరిపేశాను.

అక్క గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన ముందు నేల మీద కూర్చుని ఆ కుడికాలిని ఒళ్లోకి తీసుకుంది.

"ఇప్పుడు ఊపుకోండి" అంది. "మీకు ఎంత కావాలంటే అంత ఊపుకోండి."

ఊపుదామనే చూశాడు గానీ, తిమ్మిరెక్కిన కాలు కదల్లేదు.