ఐసు కదిలిన చప్పుడు

చండ్రుగొండ అడవి అంచున ఎన్ని చెవులు వెతికినా అంతోనయ్య చెవికి సాటి వచ్చేది దొరకదు. కళ్ళు మూసుకునే, రాలింది ఇప్పాకో టేకాకో చెప్పేస్తాడు. వాగు అవతల అడవికోడి గొంతు సవరించుకుంటే ఇవతల ఇతను లేచి కూర్చుంటాడు. అన్నిటికంటే గొప్ప సంగతి, ఐస్‌ప్యాకులో గడ్డ గోడ వదిలి నీళ్ళలో కదిలే చప్పుడు వింటాడు. ఆ చప్పుడు వినడమే అతని ఉద్యోగం.

ఉద్యోగమంటే కుర్చీ ఉన్నది కాదు. ప్రతి బుధవారం సర్కారు దవాఖానాలో టీకాల డబ్బా సర్దుకుని, మోపెడ్ మీద వాగు దాకా వెళ్ళి, అక్కడినుంచి అయిదు కిలోమీటర్లు అడవిలో నడవాలి. రాళ్ళవాగు గుంపు అనే కోయ గూడెంలో స్తుతి అనే ఏఎన్ఎం ఆ డబ్బా కోసం కూర్చుని ఉంటుంది.

డబ్బాలో నాలుగు పక్కలా నాలుగు ఐస్‌ప్యాకులు నిలబెట్టి మధ్యలో మందు సీసాలు పెడతారు. కిటుకంతా ఇక్కడే. ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకును తీసినట్టే పెట్టకూడదు. బల్ల మీద పరిచి, కాసేపాగి, ఒక్కొక్కటే చెవి దగ్గర ఊపాలి. లోపల గడ్డ కదిలిన చప్పుడు వస్తేనే డబ్బాలోకి. రాయిలా ఉన్నదాన్ని పెడితే పక్కనున్న మందు కూడా గడ్డకడుతుంది. కొన్ని టీకాలు ఒక్కసారి గడ్డకట్టాయా, తర్వాత కరిగినా అంతే సంగతులు. చూపుకు మందు, పనికి నీళ్ళు.

ఈ విద్య నేర్పింది అతని భార్య సంపూర్ణ. ముప్పై ఏళ్ళు ఆమె ఏఎన్ఎం, అతను ఆమె మోపెడ్ డ్రైవరు. ఆమె పోయి మూడేళ్ళయింది. డబ్బా మోసే పని అతనికి దక్కింది. వారంలో ఆరు రోజులు ఇంట్లో పలకరించేది పొయ్యి మీది మూత ఒక్కటే. అందుకని మంగళవారం సాయంత్రమే చెప్పులు తుడిచి గడప దగ్గర పెట్టుకునేవాడు.

గూడెం పిల్లలు "డబ్బా తాతా" అంటూ చుట్టుముడితే, ఒక చలికాలం కిన్నెరసాని ఒడ్డు నుంచి ఒడ్డుకు గడ్డకట్టిందని మొదలుపెట్టేవాడు. "యేసయ్య నీళ్ళ మీద నడిచిండు. నేను గంత గొప్పోణ్ణి కాదు, గడ్డ మీద నడిచిన. కింద చేపలన్నీ మొకాలు పైకి పెట్టి నా చెప్పులు చూసినయి."

సరే, మొదట్లో ఆ చెవి గురించి నేను వాయించిన డప్పు ఇక దించేస్తాను, నా భుజమూ నొప్పెడుతోంది. అంతోనయ్యకు ఎడమ చెవి బొత్తిగా వినపడదు. కుడి చెవికి, పక్కనే లారీ హారన్ మోగిస్తే ఎవరో మెల్లగా పిలిచినట్టు ఉంటుంది. ఈ సంగతి అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు. "ఏంది, చెవులల్ల సీసం పోసుకున్నవా?" అని కసరడానికి ఇంట్లో ఓ మనిషి ఉండాలిగా!

మరి ఐసు సంగతి? టీ తాగేంతసేపు ప్యాకుల్ని బల్ల మీద ఉంచి, ఊపేవాడు. చప్పుడు వచ్చినట్టే ఉండేది. ఎండ కాసే రోజుల్లో ఆ టీ చాలేది, నిజంగానే గడ్డ కదిలేది.

ఆ జనవరి బుధవారం మాత్రం దవాఖానా కిటికీ అద్దాల మీద మంచు చెమట పట్టింది. టీ అయిపోయింది. ప్యాకులు ఊపాడు. గలగలమన్నట్టే అనిపించింది. డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

గూడెంలో ఆరుగురు పసివాళ్ళతో తల్లులు కూర్చున్నారు. స్తుతి ఒక సీసా తీసి ఎండకు ఎత్తి పట్టింది. మందు నీళ్ళలాగే ఉంది కానీ, అడుగున సన్నని తరకలు పేరుకున్నాయి. ఊపి మళ్ళీ చూసింది, అది గడ్డకట్టిన గుర్తో మామూలు మడ్డో తేలలేదు. ప్యాకులు తట్టి చూసింది. మూడు గంటల ప్రయాణంలో అవి ఎలాగూ కొంత కరిగాయి. పొద్దున ఎలా ఉన్నాయో అవేం చెబుతాయి?

"తాతా, పొద్దున ప్యాకులు ఊపినవా?"

పెదవులు చూసి మాట పట్టుకున్నాడు. "ఊపిన బిడ్డా."

"చప్పుడు విన్నవా?"

"అవ్. మంచిగ విన్న."

"నువ్వు విన్ననంటే ఇంక నాకు ఫికరు లేదు. సంపూర్ణమ్మ చేతికింద నేర్సుకున్నదాన్ని నేను." స్తుతి సిరంజి కవరు చింపింది.

"జల్దీ కానియ్యి సిస్టరమ్మా, మిర్చి ఏరబోవాలె," అంటూ రామక్క ముందుకు జరిగింది. ఆమె ఒళ్ళో మూడో నెల మనవరాలు. ఆ పిల్ల తొడ మీద స్తుతి దూదితో తుడిచింది.

అంతోనయ్య డబ్బా వైపు చూశాడు. ఊరుకుంటే వచ్చే బుధవారం ఉంటుంది, ఆ పై బుధవారమూ ఉంటుంది. పిల్లకు పడింది మందో నీళ్ళో ఎవరూ కనిపెట్టలేరు. నోరు విప్పితే వారంలో ఏడు రోజులూ ఒక్కలాంటివే అయిపోతాయి. సూది తొడ దగ్గరికి వచ్చింది.

"ఆగు బిడ్డా," అన్నాడు. గొంతు ఎంత పెద్దగా వచ్చిందో అతనికి తెలియలేదు, కోళ్ళు లేచిపోవడం మాత్రం కనిపించింది. "నేను విన్లే."

"ఏంది?"

"వినపడలే. నాకు చెవులు పోయి ఏడాదిన్నర అయితాంది."

"మరి చప్పుడు వచ్చిందంటివి గద తాతా!"

"వచ్చింది. నా తలకాయల వచ్చింది. సంపూర్ణ పక్కన నిలబడి ఊపిన నాటి చప్పుడు గది."

స్తుతి సూది కింద పెట్టేసింది. తల్లులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"అంటే ఇయ్యాల సూది లేదా? కూలి పాయె, సూది పాయె!" రామక్క లేచింది. "చెవిటోణ్ణని ముందే చెప్పరాదా, డబ్బన్నా?"

"ముందే అడిగితే ఆయనకు వినపడాలె గద రామక్కా," అంది వెనక నుంచి దుర్గ అనే పడుచు తల్లి.

అందరూ గొల్లుమన్నారు. అంతోనయ్యకు నోళ్ళు తెరుచుకోవడం కనిపించింది. దేనికో తెలియకపోయినా తనూ నవ్వాడు.

స్తుతి మందులన్నీ తిరిగి సర్ది, అతని ముఖానికి ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. "డాక్టర్ సారుకు చెప్పక తప్పదు. పోయిన వారాల సంగతి గూడ చూడాలె." అతను తలూపాడు.

తిరుగుదారిలో అడవి నిశ్శబ్దంగా ఉంది. అంటే, అందరికీ కాదు, అతనికి. వాగు దగ్గర రాతి మీద కూర్చుని, ఎందుకో డబ్బా తెరిచి ఒక ప్యాకు పైకి తీశాడు. చెవి దగ్గర పెట్టబోయి ఆగి, ఎండకు అడ్డం పెట్టి చూశాడు.

పల్చని తెల్ల ప్లాస్టిక్‌లోంచి లోపలి గడ్డ నీడలా కనిపించింది. అది పైన ఉంది. ప్యాకును తలకిందులు చేశాడు. గడ్డ మెల్లగా జారుకుంటూ మళ్ళీ పైకే వచ్చి, పట్టుకున్న అరచేతికి చిన్నగా తగిలింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ పైకే. మునగమంటే మునగదు!

ఎందుకు తేలుతుందని ఒకప్పుడు సంపూర్ణను అడిగాడు. ఆమె మోపెడ్ వెనక కూర్చునే పాఠం చెప్పింది. "సంతల మందిని చూసినవా? వేడి మీదున్న నీళ్ళు గట్ల తోసుకుంటయి. చల్లబడే కొద్దీ నెమ్మదించి దగ్గర దగ్గర జరుగుతయి, బరువెక్కి అడుక్కు పోతయి. నాలుగు డిగ్రీల దాక గదే కథ. ఇంక చల్లబడితే ఉల్టా నడుస్తది. రేలా ఆటకు గుండ్రంగ నిలబడ్డట్టు చేతులు చేతులు పట్టుకునుడు మొదలుపెడ్తయి. గడ్డకట్టినంక వలయాలే వలయాలు, నడుమ జాగంత ఖాళీ. గదే మంది, కానీ వాకిలి సరిపోదు. గందుకే ప్యాకుల గీత దాకనే నీళ్ళు పొయ్యాలె, గందుకే గడ్డ తేలిక."

"అంటే చేతులు పట్టుకున్నోళ్ళు మునగరన్నట్టు!" అన్నాడతను వెనక్కి తిరిగి.

"నువ్వు ముందుకు చూడు. హ్యాండిల్ ఇడిస్తే ఇద్దరం మునుగుతం."

వాగు దగ్గర ఆ ప్యాకును, గడ్డ పూర్తిగా కరిగేదాకా, తిప్పుతూ కూర్చున్నాడు.

శనివారం డాక్టరు పిలిపించాడు. అంతోనయ్య సంజాయిషీ చెప్పలేదు. కిటికీ దగ్గరికెళ్ళి రెండు ప్యాకులు ఎత్తి తిప్పాడు. ఒకదాంట్లో గడ్డ కదల్లేదు, ఇంకోదాంట్లో తేలుతూ పైకి వచ్చింది. "చెవి పోయింది సారూ. కన్నుంది, చెయ్యుంది," అన్నాడు. డాక్టరు తనూ ఒకసారి తిప్పి చూశాడు. చివరికి, ఈ చలికాలంలో టీకా పడ్డ పిల్లల్ని మళ్ళీ చూడాలని, ఇకనుంచి దవాఖానా నర్సు కూడా ఊపి విన్నాకే డబ్బా కదలాలని కాగితం మీద రాసి చూపించాడు. అందులో డబ్బా మోసే మనిషిని మార్చాలని లేదు. అంతోనయ్య రెండుసార్లు చదువుకున్నాడు.

మరుసటి బుధవారం కొత్త మందుతో ఆరుగురికీ సూదులు పడ్డాయి. ఆరుగురూ నోళ్ళు బార్లా తెరిచారు. ఏడ్చి ఉంటారు. పని అయ్యాక రామక్క చెంబుతో జొన్న జావ తెచ్చి, అతని పక్కనే అరుగు మీద చతికిలబడి, అతని కుడి చెవిలో అరిచింది. "కిన్నెరసాని గడ్డకట్టిన కథ చెప్పు డబ్బన్నా, పిల్లలకే చెప్తవా?" అతను చేపల దగ్గరినుంచి మొదలుపెట్టాడు.

ఇక ఒప్పేసుకుంటాను. చెవుడు నిజం. గడ్డ తేలడం నిజం, కావాలంటే గ్లాసులో ఐసు వేసి చూసుకోండి. డాక్టరు కాగితం నిజం. కిన్నెరసాని మీద నడక అంతోనయ్య అబద్ధం, దాని పాపం నాకు అంటదు. రామక్క కూర్చున్న మాట మాత్రం నేను కల్పించాను. ఆమె జావ చెంబు అరుగు మీద పెట్టి, ఏదో ఒక మాట అనేసి, మిర్చి చేనుకు వెళ్ళిపోయింది. ఆ మాటేమిటో అతనికి వినపడలేదు. జావ తాగి, చెంబు కడిగి బోర్లించి, డబ్బా భుజానికి వేసుకుని బయలుదేరాడు.