తలుపు పైన కూలిన చర్చి

కొత్త కాపురంలో పుష్పలత గోడకు కొట్టిన మొదటి మేకు ఆ బొమ్మ కోసమే. డిగ్రీలో చరిత్ర చదివే రోజుల్లో హైదరాబాదులో పాత పుస్తకాల బండి మీద కొన్న ప్రింటు అది. పద్దెనిమిదో శతాబ్దంలో ఎవరో యూరప్ చిత్రకారుడు వేసిన నగరం బొమ్మ. వీధి నడుమ సగం కూలిన చర్చి, రాళ్ల గుట్ట, చూడవచ్చిన జనం. అంత గందరగోళం పక్కనే ఒకామె బుట్ట చంకన పెట్టుకుని తాపీగా బజారుకు పోతూ ఉంటుంది. ఆమె అంటే పుష్పలతకు ప్రాణం. కొత్తగూడెంలో ఖయ్యూం దుకాణంలో ఫ్రేము కట్టించి, బొగ్గుగని క్వార్టర్‌లో ముందుగది తలుపు పైన లోపలివైపు తగిలించి, వచ్చిపోతూ మురిసిపోయింది.

జూలూరుపాడు నుంచి వచ్చిన అత్తగారు కొండమ్మ సంచి దించి, వెనక్కి తిరిగి తలుపు పైకి చూసింది.

"ఏంది బిడ్డా అది?"

"పాత చర్చి అత్తమ్మా. కూలిపోయింది."

"నా కొడుకు దినాం బాయిల దిగుతడు. నెత్తి మీది కప్పును నమ్ముకోని పనిచేస్తడు. బయలెళ్లేటప్పుడు ఎదురుంగ కూలింది చూసి పోవాల్నా?"

పుష్పలత నవ్వు ఆగిపోయింది. గని కప్పు సంగతి ఆమెకు తట్టనే లేదు. గబగబా బొమ్మ దించింది గానీ, పెట్టెలో దాచాలంటే చేయి రాలేదు.

కోడలి మొహం చూసి కొండమ్మ మెత్తబడింది. "వంటింట్ల పెట్టుకో. నా కొడుకు బుద్ధెరిగి వంటింట్ల అడుగు పెట్టలే. ఆని కంట పడదు."

మూలన పేపరు చదువుతున్న ఆ కొడుకు నాగరాజు పేపరును ఇంకాస్త పైకెత్తుకున్నాడు. కాపురం పెట్టినప్పటి నుంచి పొద్దుటి రొట్టెలు చేసేది అతనే. పుష్పలత రొట్టెకు మూలలొస్తాయి, అతనిది చందమామ. ఈ ముచ్చట వాళ్లిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు.

మర్నాడు ఫస్టు షిఫ్టు. తల్లి లేవకముందే నాగరాజు వంటింట్లోకి వచ్చాడు, రాత్రి అక్కడి గోడకెక్కిన బొమ్మకు వీపు పెట్టి, ఎండ్రకాయలా అడ్డంగా జరుగుతూ.

"ముందుకు చూసి నడువుండ్రి, నూనె డబ్బా తన్నేరు," అంది పుష్పలత నవ్వాపుకుంటూ.

"అమ్మ మాట తప్పుతనా? చూడకుంటనే చేస్తున్న."

"ఏం చేస్తున్నవ్ రా?"

గుమ్మంలో కొండమ్మ. నాగరాజు మోచేతుల దాకా పిండి. పెనం మీద రొట్టె నిండుగా పొంగింది.

"నాకు చెయ్యి కాలిన నాడన్న ఒక్క రొట్టె తిప్పినవా?"

"నువ్వు రానిచ్చినవా అమ్మా?"

కొండమ్మ కాసేపు రొట్టెను, కాసేపు బొమ్మను చూసి, బొమ్మను తనే దించింది.

"ఇక్కడ గూడ పనికిరాదు. దినాం వంటింట్లనే ఉంటున్నవాయె." ముందుగదిలోకి నడిచి, తలుపుకు ఎదురు గోడ చూపించింది. "ఇక్కడ కొట్టు బిడ్డా. పోయేటప్పుడు ఈపు ఎనక ఉంటది. డ్యూటీ దిగి ఇంటికొచ్చినంక ఎంత సేపన్న చూసుకోనీ."

పుష్పలత సుత్తి కోసం పరుగెత్తింది. నాగరాజు చేతులు దులుపుకుంటూ వెంట రాబోతే, తల్లి ఆపింది.

"నువ్వెటు పోతున్నవ్? ఇంకో నాలుగు చెయ్. నేను, నా కోడలు తింటం."